యంత్రం ఒకటి, వాటాలు వేయి

1960ల తొలి రోజుల్లో అమెరికాలోని ఎంఐటీ కంప్యూటేషన్ సెంటర్‌లో ఒక పంచ్‌కార్డుల కట్ట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. దాన్ని నడపమని కబురు వస్తే చాలు, ఆపరేటర్లు యంత్రం మీద అప్పటికి నడుస్తున్న పనిని ఉన్నపళంగా ఆపేసి ఆ కట్టను ఎక్కించాలి. ఏ ప్రొఫెసరు లెక్క సగంలో ఆగినా పట్టించుకునే పని లేదు. అంత అర్జెంటు లెక్క ఏమిటయ్యా అంటే, పడవ పందేలది. ఐబీఎం అధ్యక్షుడు లాంగ్ ఐలండ్ జలసంధిలో పెద్ద తెరచాప పడవలతో పందేలకు దిగేవాడు. పడవలన్నీ ఒక్క కొలతలో ఉండవు కాబట్టి దేనికెన్ని పాయింట్ల వెసులుబాటు ఇవ్వాలో ముందే తేల్చాలి. ఆ సూత్రం చేత్తో చేసుకునేంత తేలిక కాదు. ఈ సంగతి ఎంఐటీలో ఆ రోజుల్లో పనిచేసిన టామ్ వాన్ వ్లెక్ తన జ్ఞాపకాల్లో రాసిపెట్టాడు.

ఆయనే చెప్పినట్టు, ఆ యంత్రం మీద ఐబీఎంకు హక్కు లేకపోలేదు. లక్షల డాలర్ల కంప్యూటర్లను ఆ కంపెనీ ఎంఐటీకి ఉచితంగానో, బాగా తగ్గించిన ధరకో ఇచ్చేది. అందుకు బదులుగా రోజును మూడు షిఫ్టులుగా కోశారు. ఎనిమిది గంటలు ఎంఐటీకి, ఎనిమిది గంటలు న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలోని మిగతా కాలేజీలన్నిటికీ కలిపి, చివరి ఎనిమిది గంటలు ఐబీఎంకు. ముగ్గురికీ సరిసమానం అన్నమాట. కాకపోతే మధ్య షిఫ్టులో ఎన్నో కాలేజీలు, చివరి షిఫ్టులో ఒకే ఒక్క కంపెనీ. ఆ పైన పడవల కట్టకు షిఫ్టుల నియమమే వర్తించదు.

కంప్యూటర్లు పుట్టిన దగ్గర్నుంచీ అవి చాలినన్ని ఉన్న రోజు లేదు. గదిని నింపేసిన ఐబీఎం యంత్రం దగ్గరా ఇదే కొరత, ఇప్పుడు ఫుట్‌బాల్ మైదానాలంత డేటా సెంటర్లలోనూ ఇదే కొరత. ఆ కొరతను పంచడానికి అరవయ్యేళ్లకు పైగా రకరకాల పద్ధతులు వచ్చాయి. అన్నీ సమానత్వం పేరే చెప్పాయి. సమానం ఎవరెవరి మధ్య అన్న దగ్గరే తేడా. పనికీ పనికీ మధ్యా, మనిషికీ మనిషికీ మధ్యా, జట్టుకూ జట్టుకూ మధ్యా, రూపాయికీ రూపాయికీ మధ్యా? ఈ కొలమానం మారిన ప్రతిసారీ లాభపడేవాళ్లు మారారు. దాన్ని బోల్తా కొట్టించే ఎత్తులూ మారాయి.

మొదట్లో కొలమానం కార్డుల కట్టే. ప్రోగ్రాము రాసుకున్నవాళ్లు కార్డులను కిటికీలో ఇచ్చి వెళ్లిపోవాలి. ఆపరేటర్లు కట్టలన్నిటినీ వరుసగా నడిపిస్తారు. ఫలితం చేతికి రావడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి మరుసటి రోజు. తీరా వచ్చిన కాగితం మీద, ఫలానా కార్డులో కామా పోయిందని ఒక్క వాక్యం ఉండొచ్చు. దిద్దుకుని మళ్లీ వరుస చివర నిలబడాలి. యంత్రం వైపు నుంచి చూస్తే ఇది భేషైన ఏర్పాటు, అది ఒక్క క్షణం ఖాళీగా ఉండదు. మనిషి వైపు నుంచి చూస్తే రోజంతా నిరీక్షణే.

ఈ బాధకు విరుగుడు ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తట్టింది. జాన్ మెకార్థీ 1959 జనవరి 1 తేదీతో ఎంఐటీలో ఒక మెమో రాశారు. మనిషి ఆలోచించే వేగానికీ యంత్రం లెక్కించే వేగానికీ పోలికే లేదు కాబట్టి, యంత్రం ఒకరి దగ్గర కాసేపు, మరొకరి దగ్గర కాసేపు తిరుగుతూ ఉంటే ప్రతి ఒక్కరికీ అది తనదేనన్న భ్రమ కలుగుతుందన్నది అందులోని సారం. అదే ఏడాది పారిస్‌లో యునెస్కో నడిపిన సదస్సులో ఇంగ్లండ్‌కు చెందిన క్రిస్టఫర్ స్ట్రాచీ కూడా టైమ్ షేరింగ్ పేరుతోనే ఒక పత్రం చదివారు. 1961లో ఎంఐటీ శతాబ్ది ఉత్సవాల్లో మెకార్థీ ఇంకో అడుగు ముందుకేశారు. టెలిఫోన్ లాగే ఏదో ఒకనాడు కంప్యూటింగ్ కూడా ప్రజలందరికీ అందే సేవగా మారొచ్చనీ, వాడుకున్నంత వరకే డబ్బు కట్టే రోజు రావచ్చనీ అన్నారు.   

టైమ్ షేరింగ్ ఊహను నడిచే యంత్రంగా మార్చినవాడు ఫెర్నాండో కోర్బాటో. 1961 నవంబరులో ఎంఐటీలో ఆయన బృందం ఒక ఐబీఎం 709 మీద నలుగురు కూర్చుని పనిచేసే వ్యవస్థను ప్రదర్శించింది. పేరు సీటీఎస్ఎస్. మెమరీ మొత్తం 32 వేల పదాలు. అందులో 5 వేలు పర్యవేక్షించే ప్రోగ్రాముకు పోగా మిగిలిన 27 వేలలో ఒకసారికి ఒక్కరి పనే పట్టేది. మిగతా ముగ్గురి పనులూ టేపుల మీద ఎదురుచూస్తూ ఉండేవి. 1963లో ఇది ఐబీఎం 7094 మీద నిత్యసేవకు వచ్చాక సుమారు ముప్పైమంది ఒకేసారి వాడుకోగలిగారు.

ముప్పైమందిలో ముందెవరు? 1962లో కోర్బాటో, మార్జరీ మెర్విన్-డాగెట్, రాబర్ట్ డేలీ ప్రకటించిన పత్రంలో దీనికొక జవాబుంది. పనులను మెట్లమెట్లుగా నిలబెట్టారు. చిన్న పని పై మెట్టు మీద ఉంటుంది, దాని వంతు త్వరగా వస్తుంది కానీ దొరికే సమయం కొంచెమే. ఆ కొంచెంలో పూర్తికాకపోతే కింది మెట్టుకు జారుతుంది. అక్కడ వంతు ఆలస్యంగా వస్తుంది, వచ్చినప్పుడు మాత్రం సమయం రెండింతలు. ఇంకో మెట్టు దిగితే నాలుగింతలు. ఒక్క ఆజ్ఞ కొట్టి జవాబు కోసం చూసేవాడికి చప్పున పని అవుతుంది, గంటల తరబడి నడిచే లెక్కలు అడుగున నెమ్మదిగా సాగుతాయి. ఈ ఆలోచనే కొద్ది మార్పులతో తరువాతి దశాబ్దాల్లో ఎన్నో ఆపరేటింగ్ సిస్టముల్లోకి పాకింది. బీటెక్ విద్యార్థులు ఇప్పటికీ దీన్ని పరీక్షలో బొమ్మ వేసి మరీ రాస్తారు.

ఆపరేటింగ్ సిస్టముల పాఠ్యపుస్తకాల్లోనే దీని లొసుగుల గురించి రెండు ముచ్చట్లున్నాయి. ఒకటి టానెన్‌బామ్ పుస్తకంలోది. టెర్మినల్ దగ్గర ఎవరైనా రిటర్న్ మీట నొక్కితే, పాపం మనిషి ఎదురుచూస్తున్నాడనుకుని యంత్రం అతని పనిని పై మెట్టుకు ఎక్కించేది. భారీ లెక్క నడుపుతున్న ఒకాయన ఊరికే కూర్చుని కొన్ని సెకన్లకోసారి ఆ మీట నొక్కుతూ ఉంటే తన పని పరుగెత్తుతోందని కనిపెట్టాడు. ఆ సంగతి స్నేహితులందరికీ చెప్పేశాడు. రెండోది సిల్బర్‌షాట్జ్ పుస్తకంలోది, వదంతి అని అక్కడే చెప్పారు. 1973లో ఎంఐటీ తన 7094ను మూసేసేటప్పుడు చూస్తే, 1967లో ఎవరో తక్కువ ప్రాధాన్యంతో ఇచ్చిన పని ఒకటి ఇంకా వంతు రాక వరుసలోనే ఉందట. నిజమో కాదో గానీ, పై మెట్టుకు ఎప్పుడూ కొత్త పనులు వచ్చి పడుతుంటే అడుగున ఉన్నదాని గతి ఏమవుతుందో ఇంతకన్నా బాగా చెప్పడం కష్టం. అందుకే తరువాతి వ్యవస్థలు ఎదురుచూసిన కొద్దీ ప్రాధాన్యం పెరిగే ఏర్పాటు చేసుకున్నాయి.

పనులకు వరుస కట్టడం ఒక ఎత్తు, మనుషులకు కోటా కట్టడం ఇంకో ఎత్తు. ఎవరి సమయం ఎవరి ఖాతాలో పడాలో తెలియాలంటే కూర్చున్న మనిషెవరో యంత్రానికి తెలియాలి. అందుకే సీటీఎస్ఎస్‌లో పాస్‌వర్డులు పెట్టారు. కంప్యూటర్లలో పాస్‌వర్డు వాడకం ఇక్కడే మొదలైందంటారు. దొంగతనమూ వెంటనే మొదలైంది. పీహెచ్‌డీ చేస్తున్న అలన్ షెర్‌కు వారానికి నాలుగు గంటల సమయం కేటాయించారు. ఆయన పనికి అది ఏ మూలకూ చాలేది కాదు. 1962లో ఒక శుక్రవారం రాత్రి, పాస్‌వర్డులున్న ఫైలును ప్రింటు తీయమని ఒక కార్డు ముక్క ఇచ్చాడు. శనివారం తెల్లవారుజామునే వచ్చి బీరువాలోంచి ఆ కాగితాలు పట్టుకుపోయాడు. అక్కణ్నుంచి ఇతరుల ఖాతాల్లోని సమయమంతా ఆయన సొంతమైంది. ఈ సంగతి చాలా ఏళ్ల తర్వాత ఆయనే బయటపెట్టాడు. విచిత్రమేమిటంటే, ఆయన పరిశోధన విషయం కూడా టైమ్ షేరింగ్ వ్యవస్థల పనితీరే.

అసలు కోటాలే వద్దన్నవాళ్లూ ఉన్నారు. డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు గణితం ప్రొఫెసర్లు 1964 మే 1న తెల్లవారుజామున తమ టైమ్ షేరింగ్ వ్యవస్థ మీద బేసిక్ భాషలో తొలి ప్రోగ్రాములు నడిపారు. లైబ్రరీకి వచ్చిన విద్యార్థిని పుస్తకం ఎందుకని అడగం, డబ్బులూ పుచ్చుకోం, కంప్యూటరూ అలాగే ఉండాలన్నది వాళ్ల విధానం. ఫలానా విభాగానికి ఇన్ని గంటలనే లెక్క విద్యార్థులకు తగలనివ్వలేదు. ఈ ఉదారత నడవడానికి ఒక కారణం బేసిక్ ప్రోగ్రాములు బుల్లివి కావడం. వ్యవస్థను మొదటినుంచీ చిన్న పనుల కోసమే మలిచారు.

హార్వర్డ్‌లో పరిస్థితి వేరు. అక్కడి పీడీపీ-1 మీద ఒకసారికి ఒక్కరే కూర్చోగలరు. పరిశోధకులకూ విద్యార్థులకూ అదొక్కటే దిక్కు. నెలకిన్ని గంటలని పంచితే వాడకం నెల పొడుగునా సమంగా ఉండదు, కోటా తీరు వల్లే ఒకసారి రద్దీ, ఒకసారి ఖాళీ. స్కెచ్‌ప్యాడ్ సృష్టికర్తగా అప్పటికే పేరుపొందిన ఇవాన్ సదర్లాండ్ దీనికి వేలం పాటను మందుగా తెచ్చారు. 1968 జూన్‌లో ఆయన దాని గురించి రాసిన వ్యాసం రెండు మూడు పేజీలదే అయినా, క్లౌడ్ ధరల మీద పరిశోధన చేసేవాళ్లు ఇప్పటికీ అక్కణ్నుంచే మొదలుపెడతారు.

ఆ పద్ధతి ఇలా ఉండేది. ప్రతి వాడకందారుకూ కొన్ని 'యెన్'లు ఇస్తారు. జపాన్ నాణెం పేరు పెట్టుకున్న ఉత్తుత్తి డబ్బు అది. ముఖ్యమైన ప్రాజెక్టుకు ఎక్కువ యెన్లు, విద్యార్థికి తక్కువ. రాబోయే రోజుల గంటలన్నీ ఒక పట్టికలో గీసి ఉంటాయి. కావలసిన గంటల మీద పాట రాయాలి, ఎవరైనా అంతకన్నా ఎక్కువ రాస్తే ఆ గంటలు వాళ్లవి. మధ్యాహ్నాలకు గిరాకీ కాబట్టి ధర పెరుగుతుంది. నిద్ర మానుకోగలిగిన విద్యార్థి అర్ధరాత్రి దాటాక తన కొద్దిపాటి యెన్లతోనే చాలాసేపు యంత్రం సంపాదించుకుంటాడు. కీలకం చివర్లో ఉంది. గెలిచిన సమయం వాడుకోవడం అయిపోయాక ఆ యెన్లు మళ్లీ అతని చేతికే వస్తాయి. ఖర్చయిపోవు, కూడబెట్టడానికీ ఉండదు. అందుకే నెలాఖరు తొక్కిసలాట మాయమైంది. అయితే ఎవరి పని ఎంత ముఖ్యమో ధర తేల్చలేదు. ఎవరికెన్ని యెన్లో పంచినప్పుడే అది తేలిపోయింది.

1970లలో చిన్న కంప్యూటర్లు చవకై కాలేజీల్లోకి వచ్చాయి గానీ, వాటి వెంటే విద్యార్థులూ వందల్లో వచ్చారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో వాక్స్ యంత్రం మీద యూనిక్స్ నడుస్తుండేది. అసైన్‌మెంటు గడువు దగ్గరపడితే అందరూ ఒక్కసారిగా వచ్చి పడేవాళ్లు. యూనిక్స్ తన సమయాన్ని ప్రాసెస్‌లకు, అంటే నడుస్తున్న ఒక్కో ప్రోగ్రాముకు సమంగా పంచుతుంది. పైకి చూస్తే ఇందులో తప్పేమీ లేదు. కానీ ఒకడు పది ప్రాసెస్‌లు తెరిచాడంటే, ఒకటే తెరిచినవాడికన్నా పదింతల వాటా కొట్టేస్తాడు. ఒకే ఇంట్లో పది రేషన్ కార్డులు ఉన్నట్టు.

అక్కడి జూడీ కే, పియర్స్ లాడర్ దీన్ని తిరగరాశారు. 1988 జనవరిలో వాళ్లు ప్రచురించిన పద్ధతిలో వాటా ప్రాసెస్‌ది కాదు, మనిషిది. ఎన్ని ప్రోగ్రాములు తెరిచినా ఒక మనిషికి దక్కేది తన వాటాయే. రెండో సంగతి, యంత్రానికి జ్ఞాపకం పెట్టారు. ఈ మధ్య బాగా వాడుకున్నవాడు ఇప్పుడు కాస్త ఆగాలి. ఆ జ్ఞాపకం శాశ్వతం కాదు, రోజులు గడిచేకొద్దీ పాత వాడకం లెక్కలోంచి కరిగిపోతుంది. గడువుకు వారం ముందే పని మొదలుపెట్టిన విద్యార్థికి చివరి రాత్రి వచ్చినవాడి వల్ల అన్యాయం జరగకూడదన్నది లక్ష్యం. రద్దీ లేని వేళల్లో వాడుకుంటే ఖాతాలో పడే భారం కూడా తక్కువ. దీనికి పునాది అంతకు ముందే పడింది. 1975లో ఇంగ్లండ్‌లో జాన్ లార్మత్ యంత్రంలో వాటా అన్న ఆలోచన మీద రాశారు, 1984లో అమెరికాలో ఏటీ అండ్ టీ బెల్ ల్యాబ్స్‌లోనూ యూనిక్స్ మీద ఇలాంటి ప్రయత్నమే జరిగింది.

ప్రాసెస్‌కా మనిషికా అన్న ఈ తగవు ఇంతటితో తీరిందనుకుంటే పొరపాటు. 2010లో లినక్స్ వాడేవాళ్లు మళ్లీ ఇదే గొడవ పెట్టారు. వెనకాల అరవై నాలుగు ముక్కలుగా విడిపోయి నడిచే కంపైలేషన్ ఒకటి మొదలైతే, ముందు చూస్తున్న వీడియో తడబడేది. సుమారు రెండు వందల వరుసల చిన్న మార్పు ఒకటి వచ్చి, ఒకే చోటి నుంచి పుట్టిన ప్రాసెస్‌లన్నిటినీ ఒకే గుంపుగా లెక్కపెట్టింది. ఆ వార్త అప్పట్లో సాఫ్ట్‌వేరు లోకమంతా మార్మోగింది. దీనికి నాలుగేళ్ల ముందు నుంచే గూగుల్ ఇంజినీర్లు లినక్స్‌లో ప్రాసెస్‌లను గుంపులు కట్టి, గుంపుకింత ప్రాసెసరు, ఇంత మెమరీ అని హద్దులు గీసే పనిలో ఉన్నారు. సీగ్రూప్స్ అనే ఆ ఏర్పాటు 2008లో లినక్స్‌లో చేరింది. ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో పెట్టినట్టు నడిపే ఇవాళ్టి లినక్స్ కంటైనర్లు దాని మీదే నిలబడ్డాయి.

ఇక క్లౌడ్. 2006 ఆగస్టులో అమెజాన్ ఈసీ2 పేరుతో వర్చువల్ యంత్రాన్ని గంటకు 10 సెంట్లకు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. మెకార్థీ 1961లో చెప్పినట్టు, వాడుకున్నంత వరకే డబ్బు. ప్రకటనలు చూస్తే వనరులకు అంతే లేదనిపించేది. నిజానికి ఒక ఖాతాకు ముందుగా 20 యంత్రాలే ఇచ్చేవారు, ఆపైన కావాలంటే అర్జీ పెట్టుకోవాలి. దొంగిలించిన కార్డుతో ఎవడో వేల యంత్రాలు తెరవకుండా ఆపడానికి అదొక అడ్డుకట్ట. గిరాకీ ఎంత రాబోతోందో ముందే పసిగట్టడానికి అదే ఒక దారి కూడా.

కొనేవాళ్లు తగ్గిన గంటల్లో ఖాళీగా ఉండే యంత్రాలను ఏం చేయాలి? 2009 డిసెంబరులో అమెజాన్ దీనికి స్పాట్ పేరుతో పాట పెట్టింది. ఎంత ఇవ్వగలరో రాయండి, బజారు ధర అంతకన్నా తక్కువ ఉన్నంతసేపూ యంత్రం మీది. ధర దాటిందా, యంత్రం లాగేసుకుంటారు. సదర్లాండ్ యెన్లు తిరిగి చేతికొచ్చేవి, ఇక్కడ వాడేది అసలు డాలర్లు. ఈ బజారు ధర నిజంగా గిరాకీని బట్టే కదులుతోందా అని ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ పరిశోధకులు పాత ధరల చిట్టాలన్నీ విప్పి చూశారు. ఎక్కువ సమయాల్లో అది కొనేవాళ్ల పాటల నుంచి పుట్టిన ధరలా లేదనీ, కంపెనీ లోపల పెట్టుకున్న ఒక దాపరికపు కనీస ధర ఒక ఇరుకు హద్దులో ఎగిరిపడుతున్నట్టుందనీ 2011లో తేల్చారు. 2015లో అమెజాన్ యంత్రం లాక్కోవడానికి రెండు నిమిషాల ముందు హెచ్చరిక ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది గూగుల్ పాట జోలికే పోకుండా, ధర స్థిరంగా పెట్టి, 24 గంటలు దాటకుండా, అవసరమైతే 30 సెకన్ల నోటీసుతో వెనక్కి తీసుకునే యంత్రాలను అమ్మకానికి పెట్టింది. 2017 నవంబరుకు అమెజాన్ కూడా పాటను పక్కనపెట్టి, దీర్ఘకాలపు గిరాకీని బట్టి నెమ్మదిగా కదిలే ధరకు మారింది. నిమిషానికో రకంగా ఎగిరే ధరను నమ్ముకుని వ్యాపారం చేయడం కొనేవాళ్లకూ కష్టమే.

పాత వాడకాన్ని గుర్తుపెట్టుకునే సిడ్నీ పద్ధతి కూడా క్లౌడ్‌లో మరో వేషంలో బయటపడింది. 2014లో వచ్చిన అమెజాన్ టీ2 రకం యంత్రాలు చవక, కానీ ప్రాసెసరు వాటా పూర్తిగా ఇవ్వవు. అందులో మైక్రో అనే చిన్న యంత్రానికి గంటకు 6 క్రెడిట్లు జమ అవుతాయి. ఒక క్రెడిట్ అంటే ఒక ప్రాసెసరు ఒక నిమిషం పూర్తి వేగంతో నడవడం. ఊరికే ఉన్నప్పుడు కూడబెట్టుకుని, రద్దీ వచ్చినప్పుడు ఖర్చు పెట్టుకోవచ్చు. కూడబెట్టే మొత్తానికి మాత్రం హద్దు 144, అంటే ఒక రోజు సంపాదన. అవీ అయిపోతే యంత్రం పది శాతం వేగానికి పడిపోతుంది. ఎక్కడో చిన్న వెబ్‌సైట్ నడుపుకుంటూ, ఉన్నట్టుండి సైటు ఎందుకు నత్తలా నడుస్తోందో అర్థంకాక తల పట్టుకున్నవాళ్లలో చాలామందికి చివరికి దొరికిన కారణం ఖాళీ అయిన ఈ క్రెడిట్ల ఖాతాయే.

బయటివాళ్లకు డబ్బు కొలమానం సరే, ఒకే కంపెనీ లోపల వేలమంది ఇంజినీర్లు ఒకే యంత్రాల గుట్టను పంచుకుంటే? గూగుల్ తన బోర్గ్ వ్యవస్థ గురించి 2015లో వెల్లడించిన పత్రం ఈ లోపలి సంగతులు చెప్పింది. అక్కడ జట్లు ముందుగా కోటా కొనుక్కోవాలి. వినియోగదారులకు నేరుగా సేవలందించే పనులకు పై ప్రాధాన్యం, ఆ కోటా ఉన్న యంత్రాలను మించదు. కింది ప్రాధాన్యాల కోటా ఉన్నదానికన్నా ఎక్కువే అమ్ముతారు. ఇక అట్టడుగున, సున్నా ప్రాధాన్యంలో ఎవరికైనా అనంతమైన కోటా ఉంటుంది. ఆ హక్కును వాడుకోవడం తరచూ కష్టమేనని పత్రమే ఒప్పుకుంది. అవసరానికి ఉంటుందని జట్లు ఎప్పుడూ కాస్త ఎక్కువే అడుగుతాయని బోర్గ్‌కు తెలుసు. అందుకని అడిగినదానికీ నిజంగా వాడుతున్నదానికీ మధ్య తేడాను కొలిచి, ఆ మిగులులో తక్కువ ప్రాధాన్యపు పనులు నడిపిస్తుంది. మధ్యస్థ (మీడియన్) యంత్రాల గుంపులో సుమారు 20 శాతం పని అలా వెనక్కి రాబట్టిన వనరుల మీదే నడిచేదట.

కొన్నిచోట్ల దురాశ మరీ ముదిరింది. బర్క్‌లీ పరిశోధకులు 2011లో రాసిన ఒక పత్రంలో రెండు ఉదాహరణలిచ్చారు. ఒక సెర్చ్ కంపెనీలో, ప్రత్యేకంగా ఇచ్చిన యంత్రాలను బాగా వాడుతున్నామని చూపిస్తేనే అవి నిలుస్తాయని నియమం. దాంతో ఇంజినీర్లు తమ కోడ్‌లో అంతూ పొంతూ లేని లూప్‌లు చల్లి, యంత్రం ఊపిరాడకుండా పనిచేస్తున్నట్టు చూపించేవాళ్లు. రెండోది, భారీ డేటాను అనేక యంత్రాలకు పంచి లెక్కించే హడూప్ క్లస్టర్‌లో. అక్కడ లెక్కలో మొదటి దశ అయిన మ్యాప్ పనులకు కొన్ని, తరువాతి దశ అయిన రెడ్యూస్ పనులకు కొన్ని చోట్లు విడివిడిగా పెట్టారు. మ్యాప్ వైపు రద్దీ ఉందని గమనించిన ఒకరు, మ్యాప్‌లో చేయాల్సిన పనంతా రెడ్యూస్‌లో చేసేలా తన ప్రోగ్రామును తిప్పి రాసుకున్నారు. రిటర్న్ మీట నొక్కుతూ కూర్చున్న పెద్దమనిషికి వీళ్లు స్వయానా వారసులు.

ఆ పత్రం రాసినవాళ్లు అలీ ఘోడ్సీ, మతే జహారియా, స్కాట్ షెంకర్, అయాన్ స్టోయికా, మరో ఇద్దరు. వాళ్లు పట్టుకున్న చిక్కు కొంచెం లోతైనది. పంచాల్సిన సరుకు ఒకటే అయితే పాత నియమం చాలు. వంద యంత్రాలున్నాయి, ముగ్గురు 10, 40, 80 అడిగారు. తక్కువ అడిగినవాడికి అడిగిన పదీ ఇచ్చేస్తారు. మిగిలిన తొంభైని ఇద్దరికీ పంచితే చెరో 45. రెండోవాడికి 40 చాలు, కాబట్టి మూడోవాడికి 50. తక్కువతో సరిపెట్టుకునేవాడికి లోటు రాదు, ఎక్కువ అడిగినంత మాత్రాన లాభం లేదు. కానీ కంప్యూటర్‌లో పంచాల్సింది ఒక సరుకు కాదు. ప్రాసెసరు వేరు, మెమరీ వేరు. ఒకడి పని ప్రాసెసర్లను మింగుతుంది, ఇంకొకడిది మెమరీని. వీళ్లిద్దరి వాటాలు సమానమని ఎలా అనాలి?

ఎవరు దేన్ని ఎక్కువగా మింగుతారో, దానిలోని వాటానే పోల్చాలన్నది వాళ్ల జవాబు. పత్రంలోని లెక్కే చూడొచ్చు. మొత్తం 9 ప్రాసెసర్లు, 18 జీబీ మెమరీ. మొదటివాడి ఒక్కో పనికి 1 ప్రాసెసరు, 4 జీబీ కావాలి. రెండోవాడి ఒక్కో పనికి 3 ప్రాసెసర్లు, 1 జీబీ. మొదటివాడికి మూడు పనులు ఇస్తే 12 జీబీ, అంటే మొత్తం మెమరీలో మూడింట రెండు వంతులు. రెండోవాడికి రెండు పనులు ఇస్తే 6 ప్రాసెసర్లు, అంటే మొత్తం ప్రాసెసర్లలో మూడింట రెండు వంతులు. ప్రాసెసర్లన్నీ వాడుకలోకి వచ్చాయి, 4 జీబీ మెమరీ మిగిలింది. ఇద్దరి ముఖ్యమైన వాటాలూ సమానం. ఈ పద్ధతిలో అబద్ధం చెప్పినవాడికి అదనంగా ఒరిగేదేమీ లేదని గణితంతో రుజువు చేశారు. తమ మెసోస్ వ్యవస్థలో అమలుచేసి చూపారు, తరువాత పనులకు వంతులు వేసే హడూప్ షెడ్యూలర్లలోకీ ఇది వచ్చింది.

గణితం ఇంత చక్కగా ఉన్నా, కరువు ముంచుకొచ్చినప్పుడు నిర్ణయాలు వేరే చోట జరిగాయి. 2020 మార్చిలో కొవిడ్ లాక్‌డౌన్లతో ఆఫీసులూ బడులూ ఒక్కసారిగా ఇళ్లలోకి వచ్చాయి. ఇటలీలో మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో కాల్స్, మీటింగులు వాడేవాళ్లు నెల రోజుల్లో 775 శాతం పెరిగారని ఆ కంపెనీ ప్రకటించింది. యంత్రాలు చాలని ప్రాంతాల్లో ఆసుపత్రులకు, అత్యవసర సేవలకు, ప్రభుత్వ ముఖ్య విభాగాలకు ముందు చోటిస్తామని మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్ చెప్పేసింది. ఉచిత ఖాతాల మీద హద్దులు పెట్టింది, కొత్తగా వచ్చేవాళ్ల కోటాలు బిగించింది. ఎవరెక్కువ డబ్బిస్తారన్న ప్రశ్న ఆ కొద్ది వారాలు వెనక్కి జరిగింది.

2023లో కరువు రూపం మార్చుకుంది. చాట్‌జీపీటీ తరువాత భాషా నమూనాలకు శిక్షణ ఇవ్వడానికి అందుకు వాడే జీపీయూ చిప్పుల కోసం లోకమంతా ఎగబడింది. ఎన్విడియా హెచ్100 చిప్పులు డబ్బు పెట్టినా దొరకని రోజులవి. ఆ ఏడాది అక్టోబరు 31న అమెజాన్ కొత్త ఏర్పాటు ప్రకటించింది. జీపీయూ యంత్రాలను ఎనిమిది వారాల ముందు దాకా తేదీలతో సహా బుక్ చేసుకోవచ్చని అప్పట్లో చెప్పింది. ఒక రోజు నుంచి 14 రోజుల దాకా, ఒక యంత్రం నుంచి 64 యంత్రాల దాకా. ఒక్కో యంత్రంలో ఎనిమిది జీపీయూలు కాబట్టి 512 వరకు. అడిగిన క్షణంలో దొరికేదే క్లౌడ్ అన్న పేరుతో మొదలైన వ్యాపారం, సదర్లాండ్ గీసిన రాబోయే రోజుల పట్టిక దగ్గరికి తిరిగొచ్చింది.

యంత్రాలు మనకు దగ్గరగా వస్తున్నాయన్నది మాత్రం నిజం. ముంబయి తరువాత దేశంలో రెండో అమెజాన్ క్లౌడ్ ప్రాంతం 2022 నవంబరులో హైదరాబాద్‌లో తెరిచారు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం కడతామని ప్రకటించింది. డేటా సెంటరు మన ఊళ్లో ఉన్నంత మాత్రాన అందులో మనకు వాటా రాదు. అక్కడి జీపీయూ గంటకు బర్క్‌లీలో కూర్చున్నవాడూ, బాపట్లలో కూర్చున్నవాడూ పెట్టాల్సిన ధర దాదాపు ఒకటే. దాన్ని భరించగల శక్తి మాత్రం ఒకటి కాదు.

ఈ తేడాను పూడ్చడానికే 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఇండియాఏఐ మిషన్‌కు 10,371.92 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ప్రభుత్వం సొంతంగా డేటా సెంటరు కట్టలేదు. ప్రైవేటు కంపెనీల దగ్గరున్న జీపీయూలకు టెండర్లు పిలిచి, ధరలు ఖాయం చేసి, అర్హులైన స్టార్టప్‌లు, పరిశోధకులు, విద్యార్థుల బిల్లులో 40 శాతం వరకు తానే భరిస్తోంది. మొదట్లో పది వేల జీపీయూలు చాలనుకున్నారు, ఏడాది తిరిగేలోగానే సంఖ్య ఆ లక్ష్యాన్ని మించిపోయింది. ఎవరికివ్వాలో తేల్చేది ధరో షెడ్యూలరో కాదు, దరఖాస్తులు చదివి ప్రాజెక్టులను తూచే కమిటీలు. దేశీయ భాషా నమూనా తయారుచేయడానికి 2025 ఏప్రిల్‌లో తొలి కంపెనీగా బెంగళూరుకు చెందిన సర్వం ఏఐని ఎంపిక చేశారు. దానికి ఆరు నెలల పాటు నాలుగు వేల పైచిలుకు జీపీయూలు కేటాయించారు. మిగతా ప్రతిపాదనల పరిశీలన విడతలవారీగా సాగింది.